పాలమూరు ఎండకు ఏ గెకో ఆగుతుంది?

ఇంట్లో పెంచుకునే గెకో బల్లుల్లో క్రెస్టెడ్ గెకో ముద్దుగా ఉంటుంది. పురుగుల గోల తక్కువ, నీళ్లలో కలిపి పెట్టే పొడితోనే చాలావరకు గడిచిపోతుంది. అయినా నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఏసీ లేని ఇంటికి దాన్ని తేవద్దు. న్యూ కాలిడోనియా దీవుల జీవి. 22–26 డిగ్రీలు దానికి హాయి. 28 దాటి ఎక్కువసేపు ఉంటే ప్రాణం మీదికొస్తుంది. మే నెలలో బయట 43 ఉంటే కూలర్ పెట్టినా గది 30 కిందికి దిగడం కష్టం. అర్ధరాత్రి కరెంటు పోతే ఏసీని లాగే ఇన్వర్టర్ ఎన్ని ఇళ్లల్లో ఉంది? పైగా మన గోడబల్లికి వచ్చినట్టు దీనికి తోక ఊడితే మళ్లీ రాదు.

ఇక్కడికి లెపర్డ్ గెకోనే నయం. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ ఎండు నేలల జాతి, బాగా చూసుకుంటే 15–20 ఏళ్లు బతుకుతుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గాజు పెట్టె చాలు. కాళ్లకు అంటుకునే మెత్తలు లేవు, గాజు ఎక్కలేదు. ఒక చివర నేల 32, రెండో చివర 25 డిగ్రీలుండాలి. ఎండాకాలం ఆ రెండో చివర మరీ వేడెక్కకుండా చూడటమే అసలు పని: హీట్ మ్యాట్ (పెట్టె అడుగున వేడినిచ్చే పరుపు) ఆపేయండి, డాబా కింది గదిలో పడమటి గోడకు పెట్టె ఆనించకండి. చలికాలం రాత్రి మ్యాట్ కావాలి, వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్ తప్పనిసరి. దాని ప్రోబ్‌ను (వేడిని కొలిచే తీగ కొసను) మ్యాట్ పైన నేలకు ఆనించి పెట్టాలి. గాలిలో వేలాడదీస్తే నేల 45 ఎక్కినా దానికి తెలియదు, గెకో పొట్ట కాలుతుంది.

తడి కొబ్బరి పీచు వేసి, పక్కన కన్నం పెట్టిన మూత డబ్బా ఒకటి లోపల ఉంచండి. అది లేకుంటే కుబుసం వేళ్ల చివర దారంలా బిగుసుకుని, రక్తం ఆడక వేళ్లే ఊడిపోతాయి. ఇసుక పరవద్దు, మింగితే పేగులో అడ్డం పడుతుంది.

మిడతలు ఊరికే దొరుకుతాయని పత్తి చేలల్లో పట్టి తేవద్దు. చేనుకు కొట్టిన మందు గెకో కడుపులోకే పోతుంది. పెంచిన కీచురాళ్లు, మీల్‌వార్మ్‌లే (పిండి పురుగులు) వేయండి, దాని రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్దవి కాకుండా. పురుగులకు విటమిన్ డి3 ఉన్న కాల్షియం పొడి అద్దకపోతే గెకో దవడ మెత్తబడి, కాళ్లు వంకర తిరుగుతాయి.

ఆఫ్రికన్ ఫ్యాట్‌టెయిల్ గెకో వేడి విషయంలో ఇలాంటిదే, కానీ 50–70 శాతం తేమ అడుగుతుంది. వడగాలుల్లో రోజూ నీళ్లు చల్లే ఓపిక ఉంటేనే తీసుకోండి. టోకే గెకో అమ్ముతామని ఎవరన్నా అంటే బేరం కూడా ఆడొద్దు: వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పట్టుకోవడమూ, అమ్మడమూ నేరం.