అటకలోని డక్ట్‌లకు ఆర్-8 తొడుగు: ఒక వేసవి వాడాక

మా హీట్ పంప్ (వేసవిలో ఏసీలా చల్లబరిచి, చలికాలంలో వెచ్చబరిచే యంత్రం) చల్లగాలి పైకప్పు కింది అటక మీదుగా, రేకు డక్ట్‌ల (గాలి గొట్టాల) గుండా గదులకు చేరుతుంది. యంత్రం ఎంతసేపు నడిచినా చివరి పడకగది చల్లబడకపోతే, తప్పు యంత్రానిదే అనుకుంటూ వచ్చాను. తీరా థర్మామీటర్ పెట్టి చూస్తే, యంత్రం దగ్గర 13 డిగ్రీలున్న గాలి ఆ గది జాలీ చేరేసరికి 18 డిగ్రీలవుతోంది. మండు వేసవి మధ్యాహ్నం అటకలో వేడి 50 డిగ్రీలు దాటుతుంది కనుక, పాత చుట్టు సగం ఊడిపోయిన డక్ట్‌లో చల్లదనం దారిలోనే హరించుకుపోతోందన్నమాట.

పైన అల్యూమినియం ఫాయిల్ ఉన్న గ్లాస్ వూల్ (గాజు దూది) తొడుగును, ఆర్-8 రకాన్ని (ఆర్ అంటే వేడిని అడ్డుకునే శక్తికి కొలత, అంకె పెరిగేకొద్దీ అడ్డు ఎక్కువ), తెప్పించాను. పని చేయడానికి వచ్చినవారు జాయింట్లను ముట్టుకోకుండానే చుట్టేయబోతే, నేను అడ్డుపడి ముందుగా మాస్టిక్ (సందులు మూసే చిక్కటి లేపనం) పూయించాను. తొడుగు వేడిని ఆపుతుందే తప్ప గాలిని ఆపదు. మామూలు ఇళ్లలో డక్ట్‌లలోని గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల వల్లే పోతుందని అమెరికాలోని ఎనర్జీ స్టార్ కార్యక్రమం చెబుతోంది. గదుల గాలిని వెనక్కి తెచ్చే డక్ట్‌కు చిల్లులుంటే మరీ నష్టం, ఎందుకంటే అది అటకలోని వేడిగాలిని నేరుగా యంత్రంలోకి లాగుతుంది.

ఇప్పుడు ఆ జాలీ దగ్గర 15 డిగ్రీలు ఉంటోంది. తొడుగు వల్ల యంత్రం సామర్థ్యం పెరగదు, అది తయారుచేసిన చల్లదనం గది దాకా మిగులుతుంది, అంతే. అయితే ఇన్వర్టర్ హీట్ పంప్ (అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే రకం) ఉన్నవారికి ఇది నేననుకున్నదానికంటే పెద్ద విషయం. ఆ యంత్రం పొదుపంతా తక్కువ వేగంలో ఎక్కువసేపు నడవడంలోనే ఉంది. కానీ గాలి నెమ్మదిగా కదిలినకొద్దీ డక్ట్‌లో ఎక్కువసేపు ఉండి మరింత వేడెక్కుతుంది కాబట్టి, తొడుగు సరిగా లేని ఇంట్లో ఆ పొదుపుకే గండి పడుతుంది.

లోపాలూ చెప్పాలి. డక్ట్‌ను వేలాడదీసే పట్టీల దగ్గర తొడుగు నలిగి పలచబడింది. దూదిలో చిక్కుకున్న గాలే వేడిని అడ్డుకుంటుంది గనుక నలిగినచోట ఆ గుణం తగ్గి, తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో పైన నీటి బొట్లు కనిపించాయి. పట్టీ కింద వెడల్పాటి రేకు ముక్కలు పెట్టించాక అది ఆగింది. ఒక మలుపులో ఫాయిల్ చిరిగి లోపలి దూది తడిసింది. తడిసిన దూది వేడిని ఆపదు, ఆరడమూ కష్టం, అందుకని ఆ ముక్కను మార్చేశాం. ఫాయిల్ బయటివైపే ఉండాలి, ఎక్కడా చిరగకూడదు.

తొడుగుతో పాటు వచ్చిన ఫాయిల్ టేపు మాత్రం దుమ్ము తుడవకుండా అతికించిన చోట రెండు నెలలకే లేచింది. తుడిచి, గట్టిగా రుద్ది అతికించిన చోట ఇప్పటికీ కదల్లేదు.