నాలుక పియర్సింగ్ చేయించుకునేవాళ్లు జాగ్రత్త: మొదట్లోనే పొట్టి కడ్డీ వేస్తామంటే ఒప్పుకోకండి

నాలుక కుట్టించుకోవాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే వెళ్లండి. నాకు కుట్టిన షాపులో పొట్టి కడ్డీ (రెండు చివర్లా గుండ్లుండే నగ) వేశారు. పొడుగుది ఎందుకు వేయలేదని అడిగితే "పళ్లకు తగులుతుంది, చూడ్డానికీ బాగోదు" అన్నారు. వాపు ఎక్కేసరికి పై గుండు సగానికి పైగా నాలుకలోకి దిగిపోయింది. అద్దంలో చూస్తే గుండు చుట్టూ మాంసం గట్టులా లేచి, మెరిసే లోహం చిన్న చుక్కలా మిగిలింది. ఉమ్మి మింగాలన్నా ప్రాణం పోయేది. షాపుకి ఫోన్ చేస్తే "వాపు మామూలే" అని పెట్టేశారు. చివరికి డెంటల్ డాక్టర్ తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి తీశారు.

వాపు మామూలే, నిజమే. మొదటి కడ్డీ పొడుగుగా ఉండాల్సింది అందుకే కదా! నాలుకంతా కండ, రక్తం బాగా పారే చోటు. వాపు సాధారణంగా 3 నుంచి 5 రోజుల మధ్య బాగా ముదిరి, ఆ తర్వాత దిగుతుంది. దానికి చోటుండాలని మామూలుగా 20 మి.మీ. లేదా అంతకన్నా పొడుగు కడ్డీ వేస్తారు. 2 నుంచి 4 వారాల్లో వాపు పోయాక 16 మి.మీ. దగ్గర్లో ఉండేదానికి మారుస్తారు. ఇలా మార్పించుకోవడం కూడా మానొద్దు. పొడుగు కడ్డీ అలాగే ఉంచేస్తే పళ్లు పెచ్చులూడొచ్చు, కింది ముందు పళ్ల వెనక చిగురు కిందికి జారొచ్చు. జారిన చిగురు దానంతటది తిరిగి రాదు.

కాబట్టి కుర్చీలో కూర్చోకముందే అడగండి: కడ్డీ ఎంత పొడుగు, తర్వాత మార్చేది మీరేనా అని. సూది ఒక్కసారి వాడి పారేసేది అయ్యుండాలి, సీలు మీ ముందే విప్పాలి. సూదికి బదులు కుట్టే గన్ తీస్తే లేచి వచ్చేయండి. నాలుక పైకెత్తించి అడుగున నీలం నరాలు ఎక్కడున్నాయో చూడకుండా మార్కు పెట్టేవాళ్లనూ నమ్మొద్దు. నాది చూడనే లేదు, ఇప్పుడు తలచుకుంటే భయమేస్తుంది. లోహం ఇంప్లాంట్ గ్రేడ్ (ఒంట్లో అమర్చే పరికరాలకు వాడే రకం) టైటానియం అయితే మంచిది. గుండె కవాటాల సమస్య ఉన్నవాళ్లు ముందు తమ డాక్టర్ని అడగాలి.

పైపైన మానడానికే 4 నుంచి 8 వారాలు పట్టొచ్చు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు, మంటపెట్టి మానడాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది. తిన్నాక పల్చటి ఉప్పునీళ్లతో పుక్కిలిస్తే చాలు. అతిగా పుక్కిలించినా నాలుక తెల్లబడి పుండులా అవుతుంది. చిన్న ఐసు ముక్కలు చప్పరించండి, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. పుండు మానేవరకూ సిగరెట్, ముద్దులు దూరం. గుండ్లు వదులయ్యాయేమో శుభ్రంగా కడుక్కున్న చేత్తో రోజూ చూసుకోండి, నిద్రలో ఊడితే గొంతులోకి పోవచ్చు.

తెల్లగా, పల్చగా కాస్త నీరు కారితే కంగారు పడక్కర్లేదు. చిక్కటి పచ్చ చీము, చలిజ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చీము పట్టిందని మీరే కడ్డీ పీకేయకండి, రంధ్రం మూసుకుపోయి చీము లోపలే ఉండిపోవచ్చు. వాపు దవడ కిందికి పాకినా, మింగడమో ఊపిరి తీసుకోవడమో కష్టమైనా క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి పరిగెత్తండి. గుండు కండలోకి దిగుతున్నట్టు అనిపిస్తే మాత్రం తెల్లారేదాకా చూద్దామనుకోకండి. వెంటనే పొడుగు కడ్డీ వేయించుకోండి, కుట్టినవాళ్లు కాదంటే ఇంకో మంచి పియర్సర్ దగ్గరికో డెంటల్ డాక్టర్ దగ్గరికో వెళ్లండి.