నాన్నతోనే మాట్లాడిన డాక్టర్ - హోమ్ విజిట్ సర్వీస్ రివ్యూ

మా నాన్నగారికి 78 ఏళ్లు, హార్ట్ ఫెయిల్యూర్ (గుండె సరిపడా రక్తం పంప్ చేయలేకపోవడం) ఉంది, మెట్లు దిగి కారెక్కి హాస్పిటల్‌కి వెళ్లొస్తే రెండు రోజులు మంచం మీదే ఉంటున్నారు, అందుకే ఇంటికి డాక్టర్‌ని పంపే సర్వీస్ తీసుకున్నాం. ఇప్పటికి రెండు విజిట్లు అయ్యాయి. కంప్లైంట్ కూడా ఉంది కాబట్టి పేరు రాయట్లేదు.

మొదటిసారి వచ్చిన డాక్టరమ్మ రాగానే టీవీ ఆపమన్నారు, కుర్చీ లాక్కుని నాన్నకి కుడి పక్కన కూర్చున్నారు. ఎడమ చెవి సరిగా వినపడదని బుకింగప్పుడు నేను రాసింది చదువుకునే వచ్చారన్నమాట. "ఎలా ఉంటోందండీ" అని ఆయన్ని అడిగితే అలవాటుగా నేనే అందుకున్నా, ఆయాసం ఇలా ఉంది, కాళ్ల వాపు అలా ఉంది అని. అంతా విని "మీరు చెప్పింది రాసుకున్నా, ఇప్పుడు ఆయన్ని చెప్పనిద్దాం" అని నాన్న వైపు తిరిగి ఊరుకున్నారు. నాన్న ఎంతకీ మాట్లాడరు, నాకేమో నోరు ఆగట్లేదు, ఆవిడ మాత్రం అలాగే కూర్చున్నారు. అప్పుడు నాన్న మెల్లిగా అన్నారు, "సాయంత్రం వేసుకునే నీటి మాత్ర మానేశానమ్మా, రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సొస్తోంది, బాత్రూంలో పడతానేమోనని భయం".

మాత్రల డబ్బా రోజూ నింపేది నేనే. ఒంట్లో చేరిన నీరు యూరిన్‌గా పోవడానికి ఇచ్చిన ఆ ఒక్క మాత్ర తీసి దిండు కింద పెట్టుకుంటున్నారని నాకు తెలీదు.

ఆవిడ కోప్పడలేదు, ఆ డోసు మధ్యాహ్నం రెండింటికి మార్చారు. ఈ సంగతి బయటికి రాకపోయుంటే వాపు చూసి డోసు పెంచేవారేమో అనుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. 1984లో అమెరికాలో ఒక స్టడీలో పేషెంట్ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డుపడుతున్నారని తేలిందట, మా ఇంట్లో అంతకన్నా ముందే నేను అడ్డుపడుతున్నా.

ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ తెప్పించి మంచం మీద పరిపించారు, ఒకే మందు రెండు బ్రాండ్ల పేర్లతో దొరికింది, పాతది పక్కన పెట్టించారు. తర్వాత రోజూ పొద్దున యూరిన్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలని, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందేమో కాబట్టి వెంటనే ఫోన్ చేయాలని చెప్పారు. "అర్థమైందా" అని అడిగితే మా నాన్న దేనికైనా తలూపుతారు. ఆవిడ అలా అడగలేదు, "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, మీ అబ్బాయికి ఇదెలా చెప్తారో ఒకసారి చెప్పండి" అన్నారు. నాన్న మూడు కిలోలు అన్నారు, ఆవిడ మళ్లీ చెప్పి మళ్లీ అడిగారు. దీన్ని టీచ్ బ్యాక్ అంటారట.

వెళ్లేటప్పుడు మా అన్నయ్య గుమ్మం దగ్గర ఆపి "నిజం చెప్పండి, ఎన్నాళ్లు" అని గొంతు తగ్గించి అడిగాడు. "ఆయన ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో, మీకెంత చెప్పమంటారో ముందు ఆయన్నే అడుగుదాం" అని లోపలికి తీసుకెళ్లారు. అన్నయ్యకి కోపమొచ్చింది. నాన్న మాత్రం "నాకే చెప్పండమ్మా, వాళ్లు కూడా వింటారు" అన్నారు, ఆ తర్వాత నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం, ఇన్నేళ్లలో మొదటిసారి.

రెండో విజిట్‌కి వేరే డాక్టర్ని పంపారు. ముందు విజిట్ నోట్స్ చూడలేదు, అన్నీ మొదటి నుంచి అడిగారు, అది కూడా నన్నే, నాన్న ముందే "ఈయన నిద్రపోతున్నాడా, మోషన్ అవుతోందా" అని. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నారు. బీపీ కూడా ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోనివ్వకుండా, చేతికి ఆసరా లేకుండా, మాట్లాడిస్తూనే చూశారు, అలా చూస్తే ఎక్కువ చూపించే అవకాశం ఉంటుంది. చేతిరాత చీటీ ఒకటి ఇచ్చి వెళ్లిపోయారు, డౌటొచ్చి ఫోన్ చేస్తే కాల్ సెంటర్‌కి వెళ్లింది, తిరిగి ఫోన్ రావడానికి ఒక రోజు పట్టింది. గుండె జబ్బు పేషెంట్ విషయంలో ఒక రోజంటే చాలా ఎక్కువ, ఇది వాళ్లు తప్పకుండా సరిచేసుకోవాలి.

మొదటి విజిట్‌కి 5 స్టార్లు, రెండోదానికి 2. తీసుకునేవాళ్లు అదే డాక్టర్ కావాలని ముందే అడగండి, యాప్‌లో ఆ ఆప్షన్ కనపడదు, ఫోన్ చేసి అడిగితే రాసుకుంటున్నారు. మేం అలాగే అడిగాం, వచ్చే మంగళవారం ఆవిడే వస్తున్నారు.