కింద పడిన కెమెరాకు ఆన్‌లైన్‌లో లెన్స్ యూనిట్ కొనబోతున్నారా? కాస్త ఆగండి

పోయిన నెల చంద్రగిరి కోటలో, రాజమహల్ బయట రాతి మెట్ల మీద నా డిజిటల్ కెమెరా జారి పడింది. నడుమెత్తు నుంచే. చెల్లెలి పెళ్లికి కొన్న చిన్న కాంపాక్ట్ కెమెరా, వారంటీ ఎప్పుడో అయిపోయింది. పడేటప్పటికి ఆన్‌లో ఉంది, లెన్స్ బయటికి వచ్చి ఉంది. తీసి చూస్తే ఆ గొట్టం ఓ పక్కకు ఒరిగింది. లోపల మోటారు గిర్రుమంటోంది గానీ లెన్స్ లోపలికి పోదు. స్క్రీన్ మీద ‘లెన్స్ ఎర్రర్’. టెన్షన్‌లో ఆఫ్ చేసి ఆన్ చేసి ఓ పదిసార్లు చూశాను. అది పెద్ద తప్పని తర్వాత తెలిసింది. ఇరుక్కున్న గొట్టాన్ని మోటారు తోసేకొద్దీ లోపలి సన్న ప్లాస్టిక్ పళ్లచక్రాలు అరిగిపోతాయట. పడగానే బ్యాటరీ తీసేసి ఉంటే సరిపోయేది.

కంపెనీ సర్వీస్ సెంటర్ కోసం చెన్నై పోవాలి, అంటే ఓ రోజు సెలవు. ఫోన్ చేస్తే ‘చూస్తే గానీ చెప్పలేం’ అన్నారు. ఇటు వీడియోలో ఒకాయన ఇదే మోడల్‌ను అరటిపండు వలిచినంత సులువుగా విప్పి, లెన్స్ మార్చి, మళ్లీ బిగించేశాడు. మా ఆవిడ ‘మీకెందుకండీ’ అంటూనే ఉంది. వినలేదు. ‘కొత్తది, ఒరిజినల్’ అని రాసున్న లెన్స్ యూనిట్ 1,850 రూపాయలకు, స్క్రూడ్రైవర్ల సెట్టు 320 రూపాయలకు ఆర్డర్ పెట్టాను.

అసలు మోసం ఆ పార్సిల్‌లోనే ఉంది. పెట్టె లేదు, బబుల్ కవర్‌లో చుట్టి పంపారు. ఆదివారం తీరిగ్గా విప్పుదామని నాలుగు రోజులు పక్కన పెట్టాను. అప్పుడే భూతద్దం పెట్టి చూసుంటే తెలిసేది: స్క్రూ రంధ్రాల చుట్టూ గీతలు, పట్టీ వైరు మీద ఒకసారి మడిచిన గుర్తు, గ్లాసు వెనక సన్న దుమ్ము. ఎవరిదో పాడైన కెమెరాలోంచి పీకిన పార్టు అది. అన్నీ బిగించాక ఫొటో తీస్తే కుడిపక్క మసకగా వచ్చింది. వాపసు అడిగితే ‘అమర్చిన పార్టు తీసుకోం, గడువు కూడా అయిపోయింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

నా వంతు తప్పులు కూడా దాచను. బ్యాటరీ తీశాను కదా, ఇక భయమేముందని ఫ్లాష్ దగ్గర వేలు పెట్టాను. భుజం దాకా జివ్వుమంది. ఫ్లాష్‌కు కరెంటు నిల్వ చేసే కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా ఉంటుంది, బ్యాటరీ తీసినా చాలాసేపు అందులోనే నిలుస్తుంది. వీడియోలో ఆ సంగతే చెప్పలేదు మహానుభావుడు. జపాన్ కెమెరాల స్క్రూలకు మన మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ సరిగ్గా కుదరదు, రెండు స్క్రూల తలలు అరిగిపోయాయి. పట్టీ వైరును పట్టి ఉంచే గోరంత నల్ల క్లిప్పు నా గోటికి తగిలి ఊడొచ్చింది. చాలా కాంపాక్ట్ కెమెరాల్లో ఫొటోను పట్టే సెన్సార్ ఆ లెన్స్ వెనకే స్క్రూలతో ఉంటుంది. అవి వెంట్రుకవాసి అటూఇటూ అయినా ఫొటోలో ఒక పక్క మసకే. నా ఫొటో చెడింది ఆ పార్టు వల్లో, నా చేతి వల్లో కూడా ఇప్పుడు తేల్చలేను. అమ్మినవాడికి కలిసొచ్చింది అదే.

చివరికి మా ఊళ్లో గాంధీ రోడ్డులో కెమెరాలు బాగుచేసే ఓ పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. స్క్రూ తలలు చూడగానే నవ్వాడు. “ఏం సామీ, విప్పేసి తెచ్చినారే! విప్పకుండా తెచ్చింటే గొట్టం గాడిలోకి తోసిచ్చేవాణ్ణి, ఐదారొందల్లో అయిపోయేది. ఇప్పుడు నేను పట్టుకుంటే, రేపు ఏది పోయినా నా మీదికే వస్తుంది.” ఆయన్ను తప్పు పట్టలేం.

కాబట్టి మీ కెమెరా పడితే ముందు బ్యాటరీ, కార్డు తీసేయండి. బయటి మూత, బ్యాటరీ తలుపు లాంటివి అయితే మీరే మార్చుకోండి, పర్లేదు. లెన్స్ కదలడం లేదంటే స్క్రూ ముట్టకుండా ఒకచోట ఎస్టిమేట్ వేయించండి. అదే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో ఎంతకు వస్తుందో కూడా చూడండి, మాది 3,000కే దొరుకుతోంది! అయినా పార్టే కొంటానంటారా, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, మోడల్ నంబర్ చివరి అక్షరం దాకా సరిచూడండి, బిగించకముందే ఫొటోలు తీసి పెట్టుకోండి. నా దగ్గర అవేవీ లేవు. అయినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు.

కెమెరా ఇప్పుడు బిస్కెట్ డబ్బాలో ఉంది. దాంతో పాటు ఎక్కడివో తెలియని మూడు స్క్రూలు కూడా.