గాలివానలో సముద్రపు కొండదారి: సెవెన్ సిస్టర్స్ మేలా, చింక్వే టెర్రే మేలా?

పిల్లలు లండన్‌లో చదువుతున్న హనుమకొండ ఇళ్లలో చలికాలం ముందు ఒక ముచ్చట నడుస్తుంది. కాన్వొకేషన్‌కు అమ్మానాన్నలు ఎలాగూ పోతారు, పనిలో పనిగా సముద్రం పక్కన కొండలు కూడా చూసొద్దామని. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సెవెన్ సిస్టర్సా, షెంగెన్ వీసా చేతికొస్తే ఇటలీలోని చింక్వే టెర్రేనా? ఎండ కాస్తే రెండూ బాగుంటాయి, పోల్చే పనే లేదు. వాతావరణం చెడినప్పుడే తేడా తెలుస్తుంది. నా లెక్కలో ఉత్త వానైతే మొదటిది, గాలైతే రెండోది.

సెవెన్ సిస్టర్స్ అంటే తెల్లటి సుద్దకొండలు, పైన పచ్చిక. సీఫోర్డ్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా నడిస్తే దాదాపు 22 కిలోమీటర్లు. చివర్లో వచ్చే బీచీ హెడ్ 162 మీటర్ల ఎత్తు. మైదానం వెడల్పుగా ఉంటుంది కాబట్టి వాన పడితే అంచుకు దూరం జరిగి నడవొచ్చు. తడిసిన సుద్ద మాత్రం మన నల్లరేగడిలా బూట్ల కింద పేరుకుని, దిగుడులో జారుస్తుంది.

గాలి సంగతి వేరు. ఇంగ్లిష్ చానెల్ మీంచి నేరుగా వచ్చి కొడుతుంది, అడ్డానికి చెట్టు కూడా ఉండదు. గొడుగు తిరగబడుతుంది, తల మీంచి తొడుక్కునే వదులు వానకోటు పొంచో లేచి మొఖానికి చుట్టుకుంటుంది. ఒంటికి పట్టి ఉండే జిప్పు జాకెట్టే దిక్కు. జీన్స్ వేసుకుంటే తడిసి బరువెక్కి సాయంత్రం దాకా ఆరదు. పైగా కొండ అడుగును సముద్రం తొలిచేస్తుంటుంది, అంచున సెల్ఫీ దిగేవాళ్లకు కింద ఖాళీ ఉందని కనపడదు. దారి మూసేవాళ్లుండరు, వద్దనేవాళ్లుండరు. కక్‌మియర్ నది దాటాక బర్లింగ్ గ్యాప్ వచ్చేదాకా తలదాచుకునే చోటు లేదు. అందుకే అనుమానముంటే నది పక్కనున్న ఎక్సీట్ దగ్గరే ఆగి 12 నంబర్ బస్సెక్కాలి. చెరువు మత్తడి దుంకుతుందంటే బండేసుకుని పోయే మనకు యెల్లో అలర్ట్ అంటే లెక్కుండదు గానీ, అక్కడ గాలికి యెల్లో వార్నింగ్ ఇచ్చినా నేనైతే కొండెక్కను.

చింక్వే టెర్రేలో ఐదు ఊళ్లు, ఐదింటికీ రైలు స్టేషన్లు. లైను చాలామటుకు సొరంగాల్లోనే. గాలికి పడవలు ఆగిపోయినా రైలుంటుంది. ఒక ఊళ్లో దిగి కాఫీ తాగి, ఇంకో రైలెక్కి పక్క ఊరికి పోవచ్చు.

అక్కడ భయపడాల్సింది వానకే. నిట్టనిలువు కొండల్ని మెట్లుమెట్లుగా చెక్కి, సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలతో మట్టిని ఆపి ద్రాక్ష పెంచుతారు. మట్టి నాని గోడ జారిందంటే దారి పోయినట్టే. 2011 అక్టోబర్ 25న ఆ ఐదు ఊళ్లలో ఒకటైన వెర్నాజ్జా వీధులు బురదలో కూరుకుపోయాయి. అక్కడి వాగు ఊరి పెద్ద వీధి కిందుగానే పారుతుంది. 2023 జులైలో భూపాలపల్లి దగ్గర మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది చూసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. 2012లో వయా దెల్ అమోరే అనే కొండదారి మీద రాళ్లు పడి నలుగురు పర్యాటకులు గాయపడితే, ఆ దారి మళ్లీ పూర్తిగా తెరుచుకున్నది 2024లో. ఇప్పుడు గట్టి వాన అలర్ట్ వస్తే దారులు మూసేస్తారు. ఇంతదూరం వచ్చి డబ్బులు దండగ అని కొందరు గొణుగుతారు. నాకైతే అదే నచ్చుతుంది, పోవాలా వద్దా అన్న టెన్షన్ మనకుండదు.

అమ్మానాన్నలతో అయితే చింక్వే టెర్రేకే నా ఓటు. ఐదింట్లో ఇంకో ఊరైన మోంటెరోస్సో నుంచి వెర్నాజ్జాకు మూడున్నర కిలోమీటర్లే అయినా అన్నీ రాతిమెట్లు. మోకాళ్లు మొరాయిస్తే రైలుంది. చెప్పులతో కొండదారి ఎక్కితే జరిమానా వేస్తారు, అమ్మకు బూట్లు ఇక్కడే కొని అలవాటు చేయించడం నయం.

ఒంటరిగా, తక్కువ ఖర్చుతో, ఇంకో వీసా గోల లేకుండా అంటే సెవెన్ సిస్టర్స్. టికెట్ లేదు. ముందురోజు రాత్రి ఫోన్లో వాన శాతం కాదు, గస్ట్ అని వేసే అంకె, అంటే ఒక్కసారిగా విసిరికొట్టే గాలి వేగం చూసుకోవాలి. అది గంటకు 40 మైళ్లు దాటిందంటే దారిలో వచ్చే బ్రైటన్ ఊళ్లోనే దిగి, ఏదో ఒక కేఫ్‌లో చాయ్ తాగి వెనక్కి రావడమే.