ప్లిమత్‌లో రాయి కన్నా ఆ పిల్ల బొమ్మే చూడాలి

ఏప్రిల్ చివర్లో మా అమ్మని తీసుకుని అమెరికాలో మసాచుసెట్స్‌లోని ప్లిమత్ వెళ్లాం. బోస్టన్ నుంచి కారులో సుమారు గంట. అందరిలాగే మేమూ ముందు ప్లిమత్ రాక్ దగ్గరికే వెళ్లాం. 1620లో మేఫ్లవర్ ఓడలో వలస వచ్చిన ఇంగ్లిష్ వాళ్లు, అంటే పిల్‌గ్రిమ్‌లు, అడుగుపెట్టారని చెప్పుకునే రాయి అది. పెద్ద పెద్ద స్తంభాల మండపం, లోపల కిందికి చూస్తే ఇసుకలో ఒక బండ, దాని మీద 1620 అని చెక్కిన అంకె. "ఇంతేనా?" అంది అమ్మ. ఐదు నిమిషాలు చాలు.

అక్కడికి దగ్గర్లోనే బ్రూస్టర్ గార్డెన్స్‌లో 'పిల్‌గ్రిమ్ మెయిడెన్' ఉంది. హెన్రీ హడ్సన్ కిట్సన్ చేసిన కంచు విగ్రహం, బండరాయి మీద నిలబడ్డ పడుచుపిల్ల. టికెట్ లేదు. ఫలానా ఆవిడ అని కాదు, మొదట వలస వచ్చిన ఇంగ్లిష్ ఆడవాళ్లందరికీ కలిపి నిలబెట్టిన బొమ్మ.

మేఫ్లవర్ ఓడలో వచ్చిన 102 మందిలో పెద్ద ఆడవాళ్లు 18 మంది. మొదటి చలికాలంలోనే జబ్బులతో దాదాపు సగం మంది పోయారు. థాంక్స్‌గివింగ్‌కి మూలమని చెప్పుకునే 1621 పంట పండుగ నాటికి ఆ 18 మందిలో మిగిలింది నలుగురే. ఆ పండుగకి అక్కడి మూలవాసులైన వాంపనోగ్ తెగ నాయకుడు మసాసోయిట్ వెంట 90 మంది ఆ తెగ మగవాళ్లు వచ్చి మూడు రోజులున్నారు, ఐదు జింకల్ని కొట్టి తెచ్చారు. ఇది చెప్పగానే అమ్మ, "అంతమందికి నలుగురేనా వండి వార్చింది! ఆడపిల్లలు సాయం పట్టుంటార్లే పాపం," అంటూ బొమ్మ పాదాల దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. నాకు ఎక్కువ బాధనిపించింది ఇంకోటి: కొందరి పేర్లు కూడా మిగల్లేదు. పాత జాబితాలో థామస్ టింకర్ భార్య 'అతని భార్య', అంతే.

రాక్ ఎదురుగా కోల్స్ హిల్ మెట్లెక్కండి. పైన మసాసోయిట్ విగ్రహం, పక్కనే సంతాప దినం ఫలకం ఉన్నాయి. 1970 నుంచి థాంక్స్‌గివింగ్ రోజున మూలవాసులు అక్కడ చేరి, పోగొట్టుకున్న నేలనీ మనుషుల్నీ తలుచుకుంటారు. మెయిడెన్‌ని చూసినవాళ్లు ఇది చదవకుండా వెనక్కి రావద్దు.

బస విషయంలో దెబ్బతిన్నాం. ఊరి బయట చవకగా దొరికిన మోటెల్‌లో రాత్రి హీటర్ పనిచేయలేదు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, అమ్మకి దగ్గు పట్టుకుంది. పెద్దవాళ్లతో వెళ్తే బోస్టన్‌లోనే ఉండి పొద్దున్నే బయల్దేరడం మేలు. ఒడ్డున హోటళ్లలో ఎక్కువగా చేపలూ రొయ్యలే. శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్లండి.

ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే మాత్రం ఆ తోటలోంచి పారే టౌన్ బ్రూక్ వెంబడి పిండిమర దాకా నడవండి. సముద్రం నుంచి హెర్రింగ్ చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ వస్తాయి. అమ్మ పైట భుజం చుట్టూ కప్పుకుని, గట్టు మీద వంగి, ఒక్కొక్కటీ చేపల కోసం నీళ్లలో కట్టిన మెట్టెక్కుతుంటే "ఎక్కేసింది, ఎక్కేసింది!" అంటూ లెక్కపెట్టింది.