11 ఏళ్లు నడిపిన పికప్, వదలని ముందు బ్రేకు

2014లో కొత్తగా కొన్న డీజిల్ పికప్ నాది. ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. మీటరు 2,10,000 కిలోమీటర్లు దాటింది. తెల్లారగట్ల 4 గంటలకు బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయలు ఎక్కించుకుని ప్యారడైజ్, సంగీత్, మెట్టుగూడ మీదుగా తార్నాక దుకాణాలకు దింపడం దాని పని. ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు. క్లచ్ ప్లేటు రెండుసార్లు, వెనక కమాన్ పట్టీలు ఒకసారి మార్చాను. డోర్ల కింద తుప్పు పట్టింది. బండి మీద నాకు ప్రేమ తగ్గలేదు. నన్ను నిజంగా ఏడిపించింది మాత్రం ఎడమ ముందు బ్రేకు. ఎనిమిది నెలలు తిరిగాక గానీ దాని గుట్టు తెలియలేదు. పాత బండ్లు నడిపేవాళ్లకు పనికొస్తుందని దాని గురించే వివరంగా రాస్తున్నాను.

మొదట మైలేజీ పడింది. లీటరుకు 12 వచ్చేది, 10 కూడా రావడం లేదు. డీజిల్ మీద అనుమానపడ్డాను. తర్వాత స్టీరింగ్ కొద్దిగా ఎడమకు గుంజడం మొదలైంది. ఒకరోజు మెట్టుగూడ దాటాక సిగ్నల్ దగ్గర ఆగితే కాలిన వాసన. దిగి చూస్తే ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి, రిమ్ము నిండా నల్లటి పొడి. కుడి చక్రం మామూలుగానే ఉంది. విచిత్రం ఏమిటంటే పొద్దున చల్లగా ఉన్నప్పుడు బండిని న్యూట్రల్‌లో ఒక్కడినే తోసేవాణ్ని. ఎనిమిది కిలోమీటర్లు నడిచాక ఇద్దరం తోసినా కదిలేది కాదు. అప్పుడు ఆ తేడాకు విలువ ఇవ్వలేదు. ఇప్పుడైతే ముందు దాన్నే పట్టుకునేవాణ్ని.

మొదటి షెడ్డులో బ్రేకు ప్యాడ్లు మార్చి డిస్కు చదును చేశారు. మూడు వారాలు బాగుంది. రెండో షెడ్డులో కాలిపర్, అంటే పిస్టన్‌తో ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం, విప్పి పిస్టన్ కిట్ వేశారు. రెండు నెలల తర్వాత అదే వాసన. ఇద్దరూ పని శ్రద్ధగానే చేశారు. కానీ విప్పే ముందు జబ్బు ఎక్కడుందో ఎవరూ వెతకలేదు.

ముషీరాబాద్‌లో ఒక ముసలి ఉస్తాద్ దగ్గరికి మా బావమరిది తీసుకెళ్లాడు. ఆయన పానా కూడా పట్టలేదు. "ముందు బండి వేడి చేసుకొని రా అన్నా. చల్లగున్న బండిల ఈ రోగం దొరకది" అన్నాడు. ట్యాంక్‌బండ్ చుట్టూ తిప్పి తెచ్చాను. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ఎడమ ముందు భాగం జాకీతో లేపి, చాసిస్ కింద చెక్క మొద్దు పెట్టాడు. చక్రం చేత్తో తిప్పితే తిరగలేదు.

అప్పుడు కాలిపర్ మీది బ్లీడింగ్ నిపుల్‌కు (బ్రేక్ ఆయిల్ బయటికి వదిలే చిన్న మూత) సన్న ట్యూబు తొడిగి పావు చుట్టు విప్పాడు. ఆయిల్ చిమ్మింది, చక్రం వదిలేసింది. అంటే పట్టుకున్నది లోపల మిగిలిపోయిన ప్రెజర్. నిపుల్ విప్పినా చక్రం కదలకపోయి ఉంటే పిస్టన్ తుప్పుపట్టి బిగుసుకుందనో, కాలిపర్ జారే పిన్నులు ఎండిపోయాయనో అనుకోవాలి. పిన్నులు బిగుసుకుంటే ఒకే చక్రంలో లోపలి ప్యాడు, బయటి ప్యాడు వేరువేరుగా అరుగుతాయి. నావి రెండూ సమానంగానే అరిగాయి.

నిపుల్ బిగించి, నన్ను పెడల్ నాలుగుసార్లు తొక్కమన్నాడు. చక్రం మళ్లీ పట్టింది. ఈసారి చాసిస్ దగ్గర ఇనుప పైపు రబ్బరు హోసును కలిసేచోట నట్టు వదులు చేశాడు. నాలుగు చుక్కలు కారాయి గానీ చక్రం కదలలేదు. అక్కడ విప్పినప్పుడు వదిలి ఉంటే దోషం పైన, పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ వైపు. వదల్లేదు కాబట్టి ప్రెజర్ ఆ నట్టుకూ కాలిపర్‌కూ మధ్య ఆగిపోయింది. మధ్యలో ఉన్నది హోసు ఒక్కటే. పైగా కుడి చక్రం హాయిగా తిరుగుతోంది. మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను వెనక్కి తీసుకోకపోతే మామూలుగా రెండు ముందు చక్రాలూ పట్టాలి.

విప్పిన హోసు పైకి నున్నగా, కొత్తదానిలా ఉంది. కోసి చూపించాడు. లోపలి రబ్బరు ఉబ్బి, దారి సూది బెజ్జమంత అయింది. కాలితో తొక్కినప్పుడు ఆ బెజ్జంలోంచి కూడా ఆయిల్ పోతుంది, తొక్కుడుకు అంత బలం. తిరిగి రావడానికి అంత బలం లేదు. పిస్టన్ చుట్టూ ఉన్న చతురస్రపు రబ్బరు సీలు తొక్కినప్పుడు కొద్దిగా మెలిపడి, వదిలినప్పుడు నిటారుగా అవుతూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది, అంతే. మూసుకుపోయిన హోసులోంచి ఆయిల్‌ను తోసే శక్తి దానికి లేదు. ప్యాడ్లు కొద్దిగా రాసుకుంటూ ఉంటే ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, పట్టు ఇంకా బిగుస్తుంది. చల్లారితే వదులుతుంది. పొద్దున్న బండి తేలికగా కదిలింది అందుకే.

మర్నాడు పుత్లీబౌలి వెళ్లి రెండు వైపుల హోసులు, కొత్త రాగి వాషర్లు తెచ్చాను. ఒకటి పాడైతే అదే వయసున్న రెండోది కూడా మార్చాల్సిందే, దీనికి నేను బేరం ఆడను. పాత ఆయిల్ టీ రంగులో ఉంది, మొత్తం తీసేయించాను. ఈ ఆయిల్ గాలిలో తేమ పీలుస్తుంది. డాట్ 3, డాట్ 4 అనేవి బ్రేక్ ఆయిల్ రకాలు. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టినదానికి ఆ హద్దు 140. డాట్ 4కు 230, 155. పిన్నులకు బేరింగు గ్రీజు పూయనివ్వలేదు, పెట్రోలియం గ్రీజుకు ఈ రబ్బర్లు ఉబ్బుతాయి. బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజే పూయించాను.

ఇంట్లో చూసుకునేవాళ్లకు ఒక మాట. నిపుల్ విప్పేటప్పుడు ముఖం పక్కకు పెట్టండి, కళ్లద్దాలు తప్పనిసరి. వేడి ఆయిల్ కంట్లో పడితే ప్రమాదం, పెయింటు మీద పడితే పెయింటు లేస్తుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి చెయ్యి లోపల పెట్టొద్దు.

ఇది జరిగి 14 నెలలు, 22,000 కిలోమీటర్లు. మైలేజీ తిరిగి పన్నెండుకు వచ్చింది. ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కొనుక్కున్నాను. మొన్న మే ఎండలో తార్నాకలో దింపాక రెండు డిస్కులూ చూశాను: ఎడమది 88, కుడిది 85.